బౌలర్ ఒప్పుకున్నాడా? ఆటగాళ్ల బదిలీకి తెలుగు నేల మీద తొంభై ఏళ్ల చరిత్ర

2025 నవంబరు 15న సన్‌రైజర్స్ హైదరాబాద్ తన సీనియర్ పేసర్ మహ్మద్ షమీని లక్నో సూపర్ జెయింట్స్‌కు ఇచ్చేసింది. అంతకు ఏడాది ముందు జెద్దాలో జరిగిన వేలంలో పది కోట్లు పెట్టి కొనుక్కున్న బౌలర్ అతను. వెళ్లిపోయిందీ ఆ పది కోట్ల ధరకే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి ఊళ్లలో ఇలాంటి వార్త ఎప్పుడొచ్చినా క్రికెట్ అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోతారు. తొమ్మిది మ్యాచుల్లో ఆరు వికెట్లు తీసినవాణ్ని వదిలించుకోవడమే మంచిదని ఒక పక్షం అంటుంది. ప్రపంచకప్పుల్లో అంత పేరు తెచ్చుకున్నవాణ్ని ఒక్క సీజన్ చూసి సాగనంపుతారా అని రెండో పక్షం నిలదీస్తుంది. పర్సులో ఎంత మిగిలింది, ఆ డబ్బుతో ఎవరిని తేవచ్చు అన్న లెక్కలు రాత్రి దాకా సాగుతాయి. ఆ లెక్కలు అక్కర్లేదని ఎవరూ అనలేరు. అయితే ఇరుపక్షాలూ చూసేది జట్టుకు లాభమా నష్టమా అన్నదే. వెళ్లేవాడు ఒప్పుకునే వెళ్తున్నాడా అన్న ప్రశ్న వాటి మధ్య ఎక్కడా వినపడదు. ఆ ప్రశ్న పట్టుకుని తొంభై ఏళ్లు వెనక్కి నడిస్తే మన అలవాటు తలకిందులుగా ఉందని తెలుస్తుంది. అమ్మేశారని మనం తిట్టిపోసే ట్రేడ్‌లో, అంటే రెండు జట్లు నేరుగా మాట్లాడుకుని చేసుకునే బదిలీలో, ఆటగాడికి ఎంతో కొంత నోరుంది. పండగలా టీవీ ముందు కూర్చుని చూసే వేలంలో మాత్రం అతనికి నోరే లేదు. ఈ తేడా గుర్తించకుండా చేసే వాదన ఎంత వేడిగా సాగినా అసలు విషయాన్ని తాకదు.

వెళ్లేవాణ్ని ‘మనవాడు’ అంటాం కాబట్టి ముందుగా ఆ మాటకు హద్దు ఎక్కడుందో చూడాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ పాత నల్లగొండ జిల్లావి. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో, అటు విజయవాడ అందులో దాదాపు సగం దూరం. రామాపురం క్రాస్ రోడ్డు దాటితే ఆంధ్రప్రదేశ్, ఇంకాస్త ముందుకు పోతే జగ్గయ్యపేట. అయినా కోదాడలో పుట్టి బంతి పట్టిన కుర్రాడు రంజీ ఆడాలంటే హైదరాబాద్ జట్టుకు ఆడాలి, జగ్గయ్యపేట కుర్రాడైతే ఆంధ్ర జట్టుకు ఆడాలి. హైదరాబాద్ క్రికెట్ సంఘం 1934 నాటిది, ఆంధ్ర క్రికెట్ సంఘం 1953 నాటిది. ఒకటి నిజాం రాజ్యంలో పుట్టింది, రెండోది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది పుట్టింది. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైనా క్రికెట్ మాత్రం కలవలేదు. యాభై ఎనిమిదేళ్లు ఒకే ప్రభుత్వం కింద బతికిన ఊళ్ల మధ్య క్రికెట్ హద్దు నిజాం నాటి సరిహద్దు వెంటే నడిచింది. 2014లో రాష్ట్రాలు విడిపోయేసరికి ఆ పాత గీతే మళ్లీ రాష్ట్రాల సరిహద్దు అయింది. ఎవరు మనవాడో తేల్చింది నేల కాదు, సంఘాల నిబంధనల పుస్తకం. ఇక ఐపీఎల్ ఆ పుస్తకాన్నీ పక్కన పెట్టింది. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 2022 నుంచి ముంబైకి ఆడుతున్నాడు, విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2023 నుంచి హైదరాబాద్‌కు ఆడుతున్నాడు. కోదాడ అభిమాని వీళ్లిద్దరినీ మనవాళ్లనే అంటాడు, అందులో తప్పేమీ లేదు. కాబట్టి పుట్టిన ఊరి పేరు చెప్పి ఆటగాణ్ని కట్టిపడేయాలనే వాదనకు చరిత్రలో బలం తక్కువ.

పుట్టిన ఊరి వాదన ఎంత గట్టిదో చూడాలంటే పల్లె టోర్నమెంట్ల దాకా రావాలి. సంక్రాంతికో వేసవి సెలవులకో కోతలైన పొలాల్లోనూ స్కూలు గ్రౌండ్లలోనూ జరిగే టెన్నిస్ బాల్ పోటీల్లో బయటి ఊరి ఆటగాళ్లను దించడం మన రెండు రాష్ట్రాల్లోనూ పాత సంగతే. వేగంగా వేసే కుర్రాడు ఒకడు ఏ ఊళ్లో ఉన్నా వాడి పేరు చుట్టుపక్కల మండలాలకు పాకుతుంది. వాణ్ని బండి మీద ఎక్కించుకొచ్చి, దారి ఖర్చులిచ్చి, భోజనం పెట్టి ఒక్కరోజు తమ జట్టులో ఆడించుకుంటారు. ఓడిన జట్టు గొడవకు దిగుతుంది. అందుకే చాలాచోట్ల నిర్వాహకులు ఒకే ఊరివాళ్లే ఆడాలని, ఆధార్ కార్డు చూపించాలని కరపత్రంలోనే అచ్చు వేయిస్తారు. టాస్‌కు ముందు రెండు జట్ల కెప్టెన్లు కార్డులు పరిచి ఊరి పేరు, పిన్‌కోడ్ సరిచూసుకోవడం, పెళ్లి చేసుకుని వచ్చిన అల్లుడు ఈ ఊరివాడేనా కాదా అని పెద్దమనుషుల దగ్గరికి పంచాయితీ పోవడం ఈ పోటీలు ఎరిగినవాళ్లందరికీ తెలిసిందే. ఊరి పరువు కోసం పెట్టుకున్న నియమం అది, దానికీ ఒక న్యాయం ఉంది. కానీ ఆ పంచాయితీలో ఒక విషయం మీద మాత్రం ఎవరికీ పేచీ ఉండదు: ఆ బౌలర్ తన ఇష్టంతోనే వచ్చాడు. రానంటే తెచ్చే దారి ఏ ఊరికీ లేదు. కింది స్థాయి ఆటలో అంత సహజంగా ఉన్న ఈ స్వేచ్ఛ, ఆట పైకి పోయేకొద్దీ, డబ్బు పెరిగేకొద్దీ ఎలా చేజారిందో, మళ్లీ ఎంత మేరకు చేతికొచ్చిందో చెప్పేదే ఈ చరిత్ర.

మొదట ఆటగాణ్ని కదిలించింది రాజుల పిలుపు. బందరు మూలాలున్న తెలుగు కుటుంబంలో నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడు 1923లో హోల్కర్ పాలకుడి పిలుపు మీద ఇండోర్ వెళ్లారు, అక్కడి సైన్యంలో హోదా పొందారు. తర్వాతి కాలంలో హోల్కర్ జట్టు దేశంలోనే మేటి జట్లలో ఒకటిగా నిలవడానికి ఆ పిలుపే నాంది. హైదరాబాద్‌లో నవాబ్ మొయినుద్దౌలా పేరు మీద బంగారు కప్పు పోటీలు 1930-31లో మొదలయ్యాయి. ఆ సీజన్‌లోనే విజయనగరం మహారాజకుమార్ తన జట్టు కోసం ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి దిగ్గజాలను రప్పించారు. మొయినుద్దౌలా తొలి కప్పు గెలిచిందీ ఆయన జట్టే. 1934లో వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్, ఆల్‌రౌండర్ లీరీ కాన్‌స్టంటైన్ ఆ పోటీలో ఆడటానికే సముద్రం దాటి వచ్చాడు. కోట్లు పోసి విదేశీ బౌలర్‌ను తేవడం ఐపీఎల్ తెచ్చిన కొత్త జాడ్యమని అనేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. అప్పటి ఏర్పాటులో ఉన్న మంచి ఏమిటంటే, బయటినుంచి వచ్చేవాళ్లు మాట్లాడుకుని, ఇష్టపడి వచ్చేవారు. చెడు ఏమిటంటే, సంస్థానంలో నౌకరీ ఇచ్చిన చేతిలోనే ఆటగాడి ఉప్పూ పప్పూ ఉండేవి. కొలువు కావాలంటే ఆ జట్టుకే ఆడాలి. వచ్చేటప్పుడు ఉన్న ఇష్టం పోయేటప్పుడు అంత తేలిగ్గా చెల్లేది కాదు.

రాజులు పోయాక ఆ అధికారం భారత క్రికెట్ బోర్డు చేతికి వచ్చింది. 1962లో వెస్టిండీస్ పర్యటనకు వెళ్లిన భారత జట్టు ఐదు టెస్టులూ ఓడింది. బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె పగిలి ప్రాణం మీదికి వచ్చింది. మన బ్యాటర్లకు వేగం అలవాటు కావాలంటే ఆ వేగాన్నే దేశంలోకి తేవాలని బోర్డు తీర్మానించింది. 1962-63 సీజన్‌కు నలుగురు వెస్టిండీస్ పేసర్లను పిలిపించి నాలుగు జట్లకు పంచింది. బెంగాల్‌కు లెస్టర్ కింగ్, ఢిల్లీకి చెస్టర్ వాట్సన్, బొంబాయికి చార్లీ స్టేయర్స్, హైదరాబాద్‌కు రాయ్ గిల్‌క్రిస్ట్. ఆ నలుగురిలో అత్యంత భయంకరుడు గిల్‌క్రిస్టే. 1958-59లో వెస్టిండీస్ జట్టుతో భారత్ వచ్చినప్పుడు తలకు గురిపెట్టి పిచ్ తగలకుండా బంతులు విసిరినందుకు అతణ్ని సొంత కెప్టెనే మధ్యలో ఇంటికి పంపేశాడు. అలాంటివాడు నాలుగేళ్లు తిరగకముందే హైదరాబాద్ రంజీ జట్టు కొత్త బంతి అందుకున్నాడు. ఆ సీజన్‌లో బెంగాల్‌తో జరిగిన మ్యాచ్‌లో అతని బంతులకు ఎదురొడ్డి నడివయసు దగ్గరపడుతున్న పంకజ్ రాయ్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీలు కొట్టిన వైనం బెంగాల్ క్రికెట్‌లో ఇప్పటికీ చెప్పుకునే కథ. హైదరాబాద్‌కు అది ఓ వింత అనుభవం: తమ జట్టులోని మేటి ఫాస్ట్ బౌలర్‌కు ఈ నేలతో పుట్టుకతో గానీ ఉద్యోగంతో గానీ ఏ బంధమూ లేదు. అతను హైదరాబాద్‌ను ఎంచుకోలేదు, హైదరాబాద్ అతణ్ని వెతుక్కోలేదు. మధ్యలో ఉన్న బోర్డు ఇద్దరినీ ముడేసింది. ఐపీఎల్ కంటే నలభై ఆరేళ్ల ముందే, జట్టుకూ ఆటగాడికీ మధ్య మూడో చెయ్యి ఒకటి నిలబడి పంపకం చేసే పద్ధతిని మన నగరం చూసింది.

అరవైల నుంచి తొంభైల దాకా ఆటగాళ్లను ప్రధానంగా కదిలించింది ఉద్యోగం. బ్యాంకులు, రైల్వేలు, ప్రభుత్వరంగ సంస్థలు ఆటగాళ్లకు కొలువులిచ్చాయి. ఎక్కడ పోస్టింగైతే అక్కడి జట్టుకు ఆడే అర్హత వచ్చేది. ఇష్టంతో మారినవాళ్లూ లేకపోలేదు. పటౌడీ నవాబు ఢిల్లీ వదిలి హైదరాబాద్‌కు వచ్చి, భారత కెప్టెన్‌గా ఉంటూనే ఇక్కడ ఎం.ఎల్. జయసింహ కెప్టెన్సీ కింద ఆడారు. స్నేహం కోసం జట్టు మారిన ఆ తీరును హైదరాబాద్ అభిమానులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. మన దగ్గరికి వచ్చినవాడి ఇష్టాన్ని అంతగా మెచ్చుకున్నవాళ్లం, మన దగ్గర్నుంచి వెళ్లేవాడి ఇష్టాన్ని ఎందుకు తప్పుపట్టాలి? ఈ కాలంలో తాళం చెవి రాష్ట్ర సంఘం ఇచ్చే నిరభ్యంతర పత్రం. అది చేతికందితేనే ఆటగాడు పక్క రాష్ట్రానికి ఆడగలడు. అంబటి రాయుడు జీవితం ఆ తాళాలన్నీ చూసింది. హైదరాబాద్‌లో మొదలై ఒక సీజన్ ఆంధ్రకు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. 2007లో బోర్డు గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరాడు. ఆ లీగ్‌లో చేరినవాళ్లందరికీ బోర్డు తలుపులు మూసేసింది. 2009లో క్షమాభిక్ష ప్రకటించాకే అతను మళ్లీ రంజీ ముఖం చూశాడు, తర్వాత బరోడాకు వెళ్లి ఆడాడు. వయసులో ఉన్న బ్యాటర్‌కు రెండేళ్లంటే చిన్న కాలం కాదు. జట్టు మారాలనుకోవడమే నేరమైపోయిన కాలమది.

2008 ఫిబ్రవరి 20న ముంబైలో ఐపీఎల్ తొలి వేలం జరిగింది. ఒక్కో ఆటగాడి పేరు చదువుతుంటే చెయ్యెత్తి ధర పెంచే దృశ్యం దేశమంతా చూసింది. హైదరాబాద్‌కు డెక్కన్ ఛార్జర్స్ వచ్చింది. వి.వి.ఎస్. లక్ష్మణ్ జట్టులో అందరికంటే ఎక్కువ పారితోషికం తెచ్చే, తనకు దక్కాల్సిన ఐకాన్ హోదాను వదులుకున్నారు, జట్టు చేతిలో వేలానికి ఇంకాస్త డబ్బు మిగలాలని. మొదటి ఏడాది అట్టడుగున నిలిచిన ఆ జట్టు 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో ఆడమ్ గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు ఎత్తింది. ఆ సీజన్‌లో ఆర్.పి. సింగ్ ఇరవై మూడు వికెట్లతో, మరుసటి ఏడు ప్రజ్ఞాన్ ఓజా ఇరవై ఒక్క వికెట్లతో పర్పుల్ క్యాప్ తెచ్చారు. వరసగా రెండేళ్లు టోర్నీలో మేటి బౌలర్ మన జట్టువాడే. 2011 వేలానికి ముందు ఆ జట్టు ఎవరినీ అట్టిపెట్టుకోలేదు. లక్ష్మణ్ కొచ్చికి, ఆర్.పి. సింగ్ కొచ్చికే, గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, రోహిత్ శర్మ ముంబైకి పోయారు. మరుసటి ఏడాది ఓజా కూడా ముంబైకి బదిలీ అయ్యాడు. ఐకాన్ హోదా త్యాగం చేసిన సొంత నగరపు ఆటగాడు ఏ జట్టుకు ఆడాలో తేల్చింది వేలంపాటలో ఎత్తిన చెయ్యి. ఆ వేలం మీద మన ఊళ్లలో బాధ వ్యక్తమైంది నిజమే, కానీ ఆ పద్ధతే తప్పని అన్నవాళ్లు తక్కువ. వేలం అంటే అంతే కదా అని సరిపెట్టుకున్నాం. అదే కాలంలో రవీంద్ర జడేజా తన ఫ్రాంచైజీ దాటి ఇంకో జట్టుతో బేరం మాట్లాడినందుకు 2010 సీజన్ మొత్తం నిషేధానికి గురయ్యాడు. జట్లు ఆటగాళ్ల కోసం బహిరంగంగా పోటీ పడవచ్చు, ఆటగాడు జట్టు కోసం నోరు విప్పితే మాత్రం శిక్ష. వేలం పునాది ఎక్కడుందో తెలియడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ట్రేడ్ దారి వేరుగా నడిచింది. 2009 సీజన్‌కు ముందు ఐపీఎల్ తొలిసారి ట్రేడ్ కిటికీ తెరిచినప్పుడు జహీర్ ఖాన్ బెంగళూరు నుంచి ముంబైకి, రాబిన్ ఉతప్ప ముంబై నుంచి బెంగళూరుకు మారారు. ఆశిష్ నెహ్రా, శిఖర్ ధావన్ కూడా అదే పద్ధతిలో జట్లు మార్చుకున్నారు. ట్రేడ్ జరగాలంటే రెండు ఫ్రాంచైజీలతో పాటు ఆటగాడి సమ్మతి కూడా ఉండాలి. ఈ నియమం కాగితానికే పరిమితం కాదని చెప్పే ఉదాహరణ సన్‌రైజర్స్ చరిత్రలోనే ఉంది. 2018 వేలంలో ధావన్‌ను ఇంకో జట్టు పాడగా, రైట్ టు మ్యాచ్ కార్డు వాడి సన్‌రైజర్స్ అయిదు కోట్ల ఇరవై లక్షలకు తిరిగి తీసుకుంది. ఆ ధర విషయంలో అతను అసంతృప్తిగా ఉన్నాడని ఆ ఫ్రాంచైజీయే తర్వాత బహిరంగంగా చెప్పింది. వేలంలో అతనికి కాదనే వీలు లేదు, ట్రేడ్‌లో ఆ వీలు దొరికింది. అదే ఏడాది చివర్లో ధావన్ తన సొంత ఊరు ఢిల్లీకి వెళ్లిపోయాడు. బదులుగా హైదరాబాద్‌కు వచ్చిన ముగ్గురిలో విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్‌లతో పాటు అప్పటికి పేరు రాని అభిషేక్ శర్మ అనే కుర్రాడు ఉన్నాడు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్‌తో జరిగిన మ్యాచ్ చూస్తే ఈ కథంతా ఒకే రాత్రిలో కనిపిస్తుంది. మొదట పంజాబ్ 245 పరుగులు కొట్టింది. వేలంలో పది కోట్లకు వచ్చిన షమీ నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు, వికెట్ ఒక్కటీ రాలేదు. తర్వాత ట్రేడ్‌లో వచ్చిన అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టి తొమ్మిది బంతులు మిగిలుండగానే గెలిపించాడు. ఒక్క మ్యాచ్‌తో ఏ పద్ధతి గొప్పదో తేలదు. కానీ ట్రేడ్ అంటే పోగొట్టుకోవడమే అని నమ్మే అభిమాని ఆ రాత్రి స్కోర్‌కార్డును ఒకసారి తెరిచి చూడాలి.

మన జట్టు పేసర్లను పోగొట్టుకున్న పెద్ద సందర్భాలు ట్రేడ్‌లో కంటే వేలంలోనే ఎక్కువ. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ రెండు కోట్ల అరవై లక్షలకు కొంది. అతని కనీస ధర ఇరవై లక్షలే. ఆరు మ్యాచుల్లో పది వికెట్లు తీశాక వదిలేసింది. 2018 వేలంలో బెంగళూరు సరిగ్గా అదే ధరకు తీసుకుని ఏడేళ్లు ఆడించింది. 2024 వేలంలో గుజరాత్ పన్నెండు కోట్ల పాతిక లక్షలు పెట్టింది. 2025 ఏప్రిల్ 6న అదే ఉప్పల్‌లో సిరాజ్ గుజరాత్ జెర్సీ వేసుకుని 17 పరుగులకు నాలుగు వికెట్లు తీసి సన్‌రైజర్స్‌ను ఓడించాడు. ఐపీఎల్‌లో వందో వికెట్ కూడా అతనికి ఆ రోజే దక్కింది. పదకొండు సీజన్లు హైదరాబాద్‌కు ఆడి, 2016లో కప్పు గెలిపించి, 2016, 2017ల్లో వరసగా పర్పుల్ క్యాప్ తెచ్చిన భువనేశ్వర్ కుమార్‌నూ అదే 2024 వేలం బెంగళూరుకు పంపింది. మరుసటి ఏడు అతను అక్కడ కప్పు ఎత్తాడు. ఈ ఇద్దరి విషయంలో మన అభిమానుల కోపం యాజమాన్యం అంచనా తప్పిందనే దాకా వెళ్లి ఆగిపోయింది. పదకొండేళ్లు సేవ చేసిన బౌలర్‌కు తన తర్వాతి ఊరు ఏదో చెప్పుకునే హక్కు లేకపోవడం ఏమిటని ఎక్కువమంది అడగలేదు. ఆ ప్రశ్న అడిగి ఉంటే కోపానికి సరైన చోటు దొరికేది.

ఈ ప్రశ్నను గట్టిగా అడిగిన ఆట ఒకటి ప్రపంచంలో ఉంది, అది అమెరికా బేస్‌బాల్. అక్కడ బంతి విసిరే పిచ్చర్‌ది మన బౌలర్ స్థానం, ట్రేడ్ గురించి అభిమానుల వాదనలకు వందేళ్ల వయసుంది. 1920 జనవరిలో బోస్టన్ తన మేటి పిచ్చర్, బ్యాటర్ బేబ్ రూత్‌ను న్యూయార్క్‌కు అమ్ముకున్నట్టు ప్రకటించినప్పుడు ఆటగాడి మాటకు విలువే లేదు. జట్టు కావాలంటే ఉంచుకుంటుంది, వద్దంటే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. 1969లో సెయింట్ లూయిస్ జట్టు పన్నెండేళ్లుగా తమకు ఆడుతున్న కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేస్తే, అతను వెళ్లనని మొరాయించి కోర్టుకెక్కాడు. 1972లో అక్కడి సుప్రీంకోర్టు 5-3 ఆధిక్యంతో అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఫ్లడ్ ఓడాడు, అతని ఆట కూడా అక్కడితో ముగిసినట్టే. కానీ పోరాటం వృథా పోలేదు. 1973 ఒప్పందంలో పదేళ్లు ఆడి, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగాణ్ని అతని అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదనే నియమం వచ్చింది. 1975లో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్లు మధ్యవర్తి తీర్పుతో స్వేచ్ఛ సాధించారు. మెసర్‌స్మిత్ పేచీ మొదలైందే తనను అడగకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు ఒప్పందంలో రాయమన్నందుకు. అక్కడ ట్రేడ్ దౌర్జన్యంగా పుట్టి, ఆటగాళ్ల పోరాటంతో మెల్లగా మర్యాద నేర్చుకుంది. మన ఐపీఎల్‌లో ట్రేడ్ ఆటగాడి సమ్మతితో మొదలైంది, దౌర్జన్యం వేలంలో మిగిలింది. బేస్‌బాల్ చరిత్ర మనకు చెప్పేది ఇదే: హక్కు లేని చోటును గుర్తుపట్టి వేలు అక్కడ పెట్టాలి.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. సమ్మతి పేరుతో పెద్ద ఆటగాళ్లు జట్లను ఆడిస్తారు కదా అని. 2023 నవంబరులో గుజరాత్‌కు మొదటి సీజన్‌లోనే కప్పు తెచ్చిన కెప్టెన్ హార్దిక్ పాండ్యా ముంబైకి వెళ్లిపోతే, స్టేడియాల్లో అతణ్ని ఎగతాళి చేసినవాళ్లలో ముంబై అభిమానులూ ఉన్నారు. ఆ ట్రేడ్‌లో బదిలీ రుసుముగా చేతులు మారిన సొమ్ము ఎంతో అధికారికంగా బయటికి రాలేదు. అభిమానులకు అనుమానం రావడంలో వింత లేదు. ఇలా చూస్తే ట్రేడ్ పెద్దవాళ్ల ఆటగా మారుతుందనే భయం నిజమైనదే. కానీ ఆ ఉదాహరణలో రోగం సమ్మతిలో లేదు, గోప్యతలో ఉంది. ఎంత సొమ్ము, ఎవరికి, ఏ షరతుల మీద అన్నది ప్రకటించి తీరాలనే నియమం పెడితే ఆ అనుమానంలో సగం తీరుతుంది. మరో సంగతి కూడా ఉంది. 2010లో ఇంకో జట్టుతో మాట్లాడినందుకే నిషేధానికి గురైన జడేజా, 2025 నవంబరులో సంజూ శాంసన్ చెన్నైకి రావడానికి బదులుగా, తన సమ్మతితో రాజస్థాన్‌కు వెళ్లాడు. ఒకే ఆటగాడు, పదిహేనేళ్ల తేడాలో ఒకసారి నేరస్తుడు, ఇంకోసారి ఒప్పందంలో పక్షం. ఆటగాడి మాటకు విలువ పెరగడం అంటే ఇదే, దాన్ని వెనక్కి తిప్పమని కోరడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. పది కోట్లు, పన్నెండు కోట్లు తీసుకునేవాళ్ల హక్కుల గురించి మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోసే అభిమాని ఎందుకు బెంగపెట్టుకోవాలి? సమ్మతి అనేది కూడా నామమాత్రమే కావచ్చు కదా, తుది పదకొండులో చోటు దక్కదని బెదిరిస్తే ఎవరైనా సంతకం పెడతారు కదా? రెండో మాట నిజమే. బెంచీ మీద కూర్చోబెట్టి సంతకం తీసుకోవడం సాధ్యమే, కాగితం మీది సమ్మతి అన్నిసార్లూ మనసులో ఉండకపోవచ్చు. అయినా కాదనడానికి ఒక చోటు ఉండటానికీ అసలు లేకపోవడానికీ చాలా తేడా ఉంది, ధావన్ కథ చూపించిందీ అదే. మొదటి మాటకు జవాబు కోటీశ్వరుల దగ్గర దొరకదు, ఇరవై లక్షల కుర్రాళ్ల దగ్గర దొరుకుతుంది. 2017లో సిరాజ్ పేరు జాబితాలో ఎక్కింది ఆ ధరకే, 2023లో నితీశ్ కుమార్ రెడ్డి వచ్చింది ఆ ధరకే. పేరొచ్చాక ఎవరైనా బేరమాడగలరు. పేరు రాకముందు ఏ నగరానికి పిలిస్తే ఆ నగరానికి పోవాల్సిన కుర్రాడికే నియమం అండ కావాలి. రేపు పాత నల్లగొండ జిల్లా నుంచి ఒక పేసర్ ఆ జాబితాలోకి ఎక్కితే, అతని పక్షాన నిలబడే నియమం ఇప్పటినుంచే అడిగి ఉంచుకోవడం మన స్వార్థం కూడా.

మరి అభిమాని సంగతేమిటి? ఆటగాడికి సమ్మతి ఉండాలంటున్నాం, అభిమానిని అడిగేదెవరు అన్నది మూడో అభ్యంతరం, మూడింటిలో హృదయానికి దగ్గరైనది కూడా ఇదే. 2012 సెప్టెంబరులో బోర్డు డెక్కన్ ఛార్జర్స్ ఒప్పందం రద్దు చేసింది. మరుసటి నెలలో హైదరాబాద్ ఫ్రాంచైజీని సన్ టీవీ ఏడాదికి 85 కోట్ల అయిదు లక్షల చొప్పున దక్కించుకుంది. జట్టు పేరు, రంగు, జెండా మారిపోయాయి. డేల్ స్టెయిన్ లాంటి కొందరు బౌలర్లతో పాటు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అభిమానులు కూడా కొత్త యాజమాన్యానికి సంక్రమించారు, వాళ్లనెవరూ అడగలేదు. ఉప్పల్ స్టేడియానికి చాలా దూరంలో ఉండి, నగర క్లబ్బులదే పైచేయి అయిన సంఘంలో తమ ఊళ్లకు గట్టి గొంతు లేక, తెర మీద చూసి ప్రేమించడమే మిగిలినవాళ్లు వీళ్లు. ఈ ప్రాంతానికి ఆట మీద ఆసక్తి తక్కువేం కాదు. 2021 మార్చిలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు సూర్యాపేటలో గ్యాలరీలు నిండేంత జనం వచ్చారు. ఆ రోజు ఒక గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారన్నది ఆ జనానికి మనం ఎలాంటి ఏర్పాట్లు చేస్తున్నామో కూడా చెప్పింది. అభిమానికి జరుగుతున్న ఈ అన్యాయం నిజం. కానీ దానికి మందు వెళ్లే బౌలర్‌ను తిట్టడంలో లేదు. అడగకుండా తరలించబడటం ఎలా ఉంటుందో 2012లో స్వయంగా చవిచూసిన అభిమానికంటే ఎక్కువగా ఆ బౌలర్ బాధ అర్థం చేసుకోగలవాళ్లు ఎవరున్నారు? ఇద్దరికీ ఎదురుగా ఉన్నది ఒకే చెయ్యి.

కాబట్టి మళ్లీ ట్రేడ్ కిటికీ తెరిచి, ఏదో ఒక పేసర్ పేరు ముందుకొచ్చి, వాదన మొదలైనప్పుడు వరస మార్చుకోవాలి. అతను ఒప్పుకున్నాడా అన్నది మొదటి ప్రశ్న కావాలి. ఒప్పుకుని ఉంటే, పటౌడీని మెచ్చుకున్న నోటితోనే అతణ్నీ సాగనంపాలి. ఎంత సొమ్ము చేతులు మారింది, అది ఎందుకు బయటపెట్టలేదు అన్నది రెండో ప్రశ్న, దానికి జవాబు చెప్పాల్సింది యాజమాన్యం. మన జట్టుకు ఏం ఒరిగింది అన్న లెక్క ఆ తర్వాత ఎంతసేపైనా వేసుకోవచ్చు. వేలం వచ్చినప్పుడు మాత్రం ఇంకో మాట గట్టిగా అనాలి: ఒకే జట్టుకు ఇన్నేళ్లు ఆడిన ఆటగాణ్ని అతని అనుమతి లేకుండా వేలానికి వదలకూడదనే నియమం మన లీగ్‌కూ కావాలి. ట్రేడ్ విషయంలో బేస్‌బాల్ అలాంటి నియమాన్ని 1973లోనే సాధించుకుంది. మన దగ్గర దాన్ని అడిగే బలం బోర్డుకు గానీ యాజమాన్యాలకు గానీ ఉండదు, వాళ్లకు ఆ అవసరమే లేదు. టికెట్టు కొని, జెర్సీ కొని, రాత్రి దాకా కూర్చుని చూసే జనానికే ఆ బలం ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో సాగే వాదనలు ఆ ఒక్క కోరికను పట్టుకుంటే, ఇన్నాళ్లూ ఆటను చూసిన ఊళ్లు ఆట నియమాలను మార్చిన ఊళ్లు కూడా అవుతాయి.